పది రాళ్ళు, తొమ్మిది నిమిషాలు

మీటర్ల మేస్త్రి గారు పోయారు. నాకీ సంగతి చెప్పింది, రోజూ నా కారులో ముందు సీట్లో కూర్చునే లెక్కల మేష్టారు. మంగళవారం పొద్దున్న తాడేపల్లిగూడెంలో టీచర్లని స్కూలు దగ్గర దింపేసి బండి తిప్పుకుంటున్నాను. లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ గేటు దాకా పరిగెత్తుకొచ్చారు. "ఏవమ్మా, ఏలూరు నుంచి ఫోనొచ్చింది. మీ మేస్త్రి గారు... కాఫీ తాగి, పేపరు చూస్తూ కుర్చీలోనే పోయారట" అన్నారు. నేను ఇంజను ఆపి దిగాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. దిగి, ముందు టైరు వంక చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఆయన్ని ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఏలూరులో కాలవ పక్క సందులో ఆయన కొట్టు. కొట్టంటే గొప్పగా ఊహించుకోకండి, నలుగురు నిలబడితే అయిదోవాడు కాలవలో ఉండాలి. అక్కడ కూర్చుని ఆయన జీవితమంతా ఒకటే పని చేశారు. కార్ల స్పీడు మీటర్లు బాగు చేశారు. ఇంజను జోలికి పోలేదు, బ్రేకుల జోలికి పోలేదు. "ఒక్క ముల్లుని నమ్ముకుని సంసారం ఈదిన మనిషిని ఈయన్నే చూశానమ్మా" అనేవారు పిన్ని గారు, అంటే ఆయన భార్య. ఆ మాటలో వెక్కిరింత ఎంతో, గర్వం కూడా అంతే ఉండేది.

ఇక నేనెవరంటే, కారు డ్రైవర్ని. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం స్కూళ్ళకి టీచర్లని పొద్దున్న తీసుకెళ్ళి సాయంత్రం తీసుకొస్తాను. పుట్టిల్లు కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున. నాకు నోరు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ చిన్నప్పటినుంచీ మొత్తుకుంటూనే ఉంది, నాకెక్కలేదు. ఈ రాతలో నాకు మంచి పేరేమీ రాదు. రానక్కర్లేదు కూడా. ఇది ఆయన గురించి.

కారు వచ్చి ఆగితే మేస్త్రి గారు వెంటనే స్క్రూడ్రైవరు పట్టుకునే రకం కాదు. కుర్చీలోంచి లేవకుండా ముందు ప్రశ్నలు వేసేవారు. "ఏవండీ, ముల్లు చచ్చిపోయిందా, నిద్రపోతోందా, తాగి ఊగుతోందా?" అని. వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు. పాత రకం కార్లలో గేరుబాక్సు నుంచి మీటరు దాకా ఒక తీగ తిరుగుతూ ఉంటుంది. అది ఎండిపోతేనో ఎక్కడన్నా మెలిపడితేనో ముల్లు ఊగుతుంది. ముల్లు చచ్చిపోయి, కిలోమీటర్ల అంకెలు మాత్రం తిరుగుతుంటే తప్పు మీటరులోనే ఉన్నట్టు. రెండూ ఆగిపోతే తప్పు కింద ఎక్కడో ఉన్నట్టు. ఇంత చిన్న సంగతి అడగకుండా డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీసేసే మెకానిక్కులంటే ఆయనకి ఒళ్ళుమంట. "జ్వరమొచ్చిన వాడికి ముందు కడుపు కోస్తారా అండీ?" అనేవారు.

ఒకసారి పెదవేగి నుంచి ఒక పామాయిలు రైతు వచ్చాడు. కారు కొత్తదే, ముల్లు లేవడం లేదు. అప్పటికే రెండు చోట్ల చూపించాడట, మీటరే మార్చేయాలన్నారట. మేస్త్రి గారు డ్రైవరు సీట్లో కూర్చుని, మీటరు వంకైనా చూడకుండా గట్టిగా గాలి పీల్చారు.

"ఏవండీ, డిక్కీలో పామాయిలు గెలలు వేసుకుని తిరుగుతున్నారా?"

రైతు గతుక్కుమన్నాడు. "ఎప్పుడన్నా ఒకటీ అరా అండి. ట్రాక్టరు ఖాళీ లేనప్పుడు..."

"రాత్రిళ్ళు బండి తోటలోనే ఉంటుందా?"

"ఉంటుందండి."

"అయితే మీ బండి మీరొక్కరే వాడటం లేదండీ" అని బానెట్టు ఎత్తించారు. ఈ కొత్త కార్లలో తీగ బదులు కరెంటు వైరు ఉంటుంది. గేరుబాక్సు దగ్గర దాన్ని ఎలకలు శుభ్రంగా కొరికేశాయి. పక్కనే పామాయిలు పళ్ళ తొక్కలు. వైరు అతికించి పంపేశారు. మీటరుకి ఏ రోగమూ లేదు. ఆ రైతు వెళ్ళేటప్పుడు కాళ్ళకి దండం పెట్టబోతే, "నాకెందుకండీ, ఆ ఎలకలకి పెట్టండి, మీటరు జోలికి పోలేదు" అన్నారు.

ఇంకోసారి కైకలూరు నుంచి సెకండుహ్యాండు కార్లు అమ్మే ఒకాయన వచ్చి, మీటరులో కిలోమీటర్లు కాస్త తగ్గించమన్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి మరీ అడిగాడు. మేస్త్రి గారు మాత్రం సందంతా వినిపించేలా జవాబు చెప్పారు. "వయసు తగ్గించే పని నేను చెయ్యనండీ. పక్క సందులో జుట్టుకి రంగేసే కొట్టుంది, అక్కడికెళ్ళండి." ఆ రోజు ఎదురు టీకొట్లో జనం నవ్విన నవ్వు ఆ అమ్మకందారు ఇప్పటికీ మర్చిపోయి ఉండడు.

ఇవన్నీ చెప్పి అసలు సంగతి దాటేద్దామనే ఉంది. కానీ అది చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

కొన్నేళ్ళ కిందట ఒక పొద్దున్న, భీమడోలు దాటాక, నా కారు ఒక మనిషికి తగిలింది. చేపల చెరువుల్లో వల లాగే మనిషి. చెరువు గట్టు దిగి సైకిలు మీద రోడ్డెక్కాడు. నేను బ్రేకు తొక్కాను. బండి ఆగింది, కానీ ఒక బారెడు ఆలస్యంగా ఆగింది. సైకిలు వెనక చక్రానికి తగిలింది. మనిషి పడ్డాడు, కాలు విరిగింది. నేనూ లెక్కల మేష్టారూ కలిసి అదే కారులో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆ మనిషి మూలగలేదు. మూలిగినా బాగుండేది అనిపించింది.

తరవాత మొదలైంది గొడవ. బండి ఎనభైలో వచ్చిందని అక్కడి రోడ్డు పక్క టీకొట్టు దగ్గర వాళ్ళు అన్నారు. చాలా స్పీడుగా వచ్చిందని ఆ మనిషి అన్నాడు. నేను యాభై అన్నాను. నిజంగా యాభయ్యే. ముల్లు యాభై మీద ఉండటం నేను చూశాను, లెక్కల మేష్టారూ చూశారు. "ఆడది బండి నడిపితే ఇంతే" అని ఎవడో అన్నాడు. ఆ మాటతో నాకు బుర్ర తిరిగిపోయింది. దెబ్బ తగిలిన మనిషి ఊరి పెద్దలు వచ్చే బుధవారం కూర్చుని మాట్లాడదామన్నారు. నేను స్పీడుగా నడిపానని తేలితే టీచర్లు నా కారెక్కరు. లైసెన్సు మాట దేవుడెరుగు, ఆ రోడ్డు మీద నా పేరే పోతుంది. వారమంతా ఇంట్లో ఒకటే పాట పాడాను, నేను అబద్ధం చెప్పను, నేను అబద్ధం చెప్పను అని.

శుక్రవారం నిప్పులు కక్కుకుంటూ మేస్త్రి గారి కొట్టుకెళ్ళాను.

"మీటరు బాగుందని ఒక్క ముక్క రాసివ్వండి మేస్త్రి గారూ. తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొడతాను."

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు. "మొహాన కొట్టడానికి నేను రాయనమ్మాయ్. ముందు రాళ్ళని అడుగుదాం."

"అంటే నామీద నమ్మకం లేదా అండీ?"

"నీమీద ఉంది. మీటరు మీదే లేదు. ఆదివారం పొద్దున్నే రా."

రాళ్ళంటే కిలోమీటరు రాళ్ళు. అది ఆయన పద్ధతి. ఎన్ని కొత్త మిషన్లు వచ్చినా, మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చాలంటే రోడ్డు మీదికే వెళ్ళేవారు. గంటకి అరవై అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. ముల్లు అరవై మీద పెట్టి పది రాళ్ళు దాటితే సరిగ్గా పది నిమిషాలు పట్టాలి. "రాయికి ఎవరిమీదా కోపం ఉండదు, ఎవరిమీదా ప్రేమా ఉండదు" అనేవారు.

ఆదివారం ఆరింటికి బయలుదేరాం. భీమడోలు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. ఆయన పక్క సీట్లో వాచీ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "అరవై మీద నిలబెట్టు. ముల్లు వెంట్రుకవాసి కదలకూడదు" అన్నారు. మొదటి రాయి దగ్గర "ఊఁ" అన్నారు. తరవాత మాట లేదు. నేను మాత్రం ఆపకుండా వాగుతూనే ఉన్నాను, ఆ టీకొట్టు వాళ్ళ గురించి, ఆడ డ్రైవర్ల మీద జనానికుండే కుళ్ళు గురించి. ఉంగుటూరు వైపు పోతుండగా పదో రాయి దాటింది. ఆయన వాచీ చూసుకున్నారు.

"వెనక్కి తిప్పమ్మాయ్. అవే రాళ్ళు, ఇంకోసారి."

వెనక్కీ అలాగే వచ్చాం. ఈసారి ఆయన వాచీ నా వైపు తిప్పి చూపించారు. తొమ్మిది నిమిషాలు. పోయేటప్పుడూ తొమ్మిదే అన్నారు.

రోడ్డు పక్కన ఆపించి, దిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. "ఇవి బండితో వచ్చిన టైర్లేనా?"

కావు. మా కొల్లేటి వైపు చెరువు గట్ల మీద మామూలు కారు పోతే పొట్ట నేలకి రాసుకుంటుంది. అందుకని మా వాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆ రాపిడి భరించలేక, కైకలూరులో చక్రాలు మార్పించి పెద్ద టైర్లు వేయించాను. కారు బెత్తెడు లేచింది, నేనూ లేచాను. అంత ఎత్తు మీద కూర్చుని నడుపుతుంటే ఎంత దర్జాగా ఉండేదో! అవి ఆయన కంట్లో శుక్రవారమే పడి ఉంటాయి. అయినా అనలేదు.

"మీటరు చుట్లు లెక్కపెడుతుందమ్మాయ్, దూరం కాదు" అన్నారు, చక్రం మీద చెయ్యేసి. "పాత చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరమో దానికి అదే లెక్క. నువ్వు కాళ్ళు పెద్దవి చేశావు. దానికి చెప్పలేదు. అది యాభై అంటే నువ్వు నిజంగా పోయేది యాభై ఆరు."

"ఆరే కదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఆరే. ఆ సైకిలు చక్రానికి తగిలింది ఆ ఆరే."

కొట్టుకి తిరిగొచ్చాక ఒక కాయితం మీద మూడు వాక్యాలు రాసిచ్చారు. 'మీటరు బాగుంది. బండికి పెద్ద టైర్లు వేశారు. మీటరు యాభై చూపిస్తే బండి వేగం యాభై ఆరు.' కాయితం నా చేతిలో పెట్టి, "ఇది నీది. ఏం చేస్తావో నీ ఇష్టం. చింపేసినా నేను అడగను" అన్నారు.

రెండు రోజులు ఆ కాయితం నా హ్యాండుబ్యాగులోనే ఉంది. దాచడమెందుకు, చెప్పేస్తాను. దాన్ని నేను మడతపెట్టి చూసుకున్నాను. ఒక చోట మడిస్తే 'మీటరు బాగుంది' అన్నంత వరకే కనిపిస్తుంది, కింద ఆయన సంతకం కనిపిస్తుంది. అబద్ధం కూడా కాదు! "మేస్త్రి గారు రాసిచ్చారా అమ్మా?" అని లెక్కల మేష్టారు ఉత్తినే అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఏం, రాసివ్వకుండా ఉంటారా?" అని కసురుకున్నాను. పాపం ఆయన ఏలూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

బుధవారం వాళ్ళ ఊళ్ళో చేపల మేత అమ్మే షాపు వసారాలో కూర్చున్నాం. ఆ మనిషి కట్టు కాలు చాపుకుని మేత బస్తాల మీద కూర్చున్నాడు. కాయితం మడత పెట్టిన పళంగానే నా చేతిలో ఉంది. ఊరి పెద్ద ఒకాయన "చెప్పమ్మా" అన్నాడు. నేను నోరు తెరవబోతుంటే ఆ మనిషి భార్య చెరువు పనిలోంచి అలాగే వచ్చేసింది, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మోకాళ్ళ దాకా బురదతో. "మా ఆయన అబద్ధం ఆడడండి. బండి జోరుగా వచ్చిందన్నాడంటే జోరుగానే వచ్చిందండి" అంది. అరవలేదు, తిట్టలేదు. వారం నుంచి నేను మా ఇంట్లో పాడుతున్న పాటే ఇప్పుడు ఆవిడ నోట విన్నాను.

మడత విప్పి మొత్తం చదివాను. చదివి, "తప్పు నాదేనండి. టైర్లు నేనే వేయించాను. అసలు ఆ చోట నలభై దాటకూడదని కూడా నాకు తెలుసు" అన్నాను.

ఊరి పెద్ద గడ్డం గోక్కుని, "ఈ కాయితం నువ్వు చూపించకపోతే మాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

"తెలీదు కాబట్టే చూపించానండి" అన్నాను. అప్పుడూ నా నోరు ఊరుకోలేదు.

కాలు బాగయ్యేదాకా ఆ మనిషి మంచిచెడ్డలు నేను చూసుకునేటట్టు మాటైంది. కట్టు మార్చాల్సినప్పుడల్లా నేనే వెళ్ళి తీసుకొచ్చి, ఆసుపత్రిలో చూపించి, మళ్ళీ దింపేదాన్ని. ఇద్దరు టీచర్లు నా కారు మానేసి వేరే కారు చూసుకున్నారు. లెక్కల మేష్టారు మాత్రం కదల్లేదు. "ఈ రోడ్డు మీద పరీక్ష రాసి పాసైన మీటరు మీదొక్కటే అమ్మా, నేనెందుకు దిగుతాను?" అన్నారు. తరవాత ఆ రెండు సీట్లూ నిండాయి.

జరిగిందంతా చెప్పడానికి గురువారం కొట్టుకెళ్తే, మేస్త్రి గారు ఎవరిదో మీటరు విప్పుకుని, కంటికి అద్దం పెట్టుకుని ఉన్నారు. తలెత్తకుండానే అంతా విన్నారు.

"టైర్లు మార్చావా?"

"మార్చేశానండి. పాతవే వేయించాను."

"మంచిది. కాఫీ తాగి వెళ్ళు."

అంతే! నిజం చెప్పొద్దూ, నాకు ఉక్రోషం వచ్చింది. అంత పని చేసి వస్తే ఒక్కసారి శభాష్ అంటే ఆయన సొమ్మేం పోయింది? ఆ తరవాత ఇన్నేళ్ళలో వందసార్లు ఆ కొట్టుకెళ్ళి ఉంటాను. కబుర్లు చెప్పారు, కాఫీలు ఇప్పించారు, నా కోపం మీద జోకులేశారు. ఆ బుధవారం మాట మాత్రం ఎత్తలేదు. ఆయన దృష్టిలో నేను తప్పు చేసి ఒప్పుకున్నదాన్నే తప్ప అంతకు మించి ఏమీ కాదు కాబోలు అనుకున్నాను. ఆ ముల్లు నాలో గుచ్చుకునే ఉంది.

మొన్న మంగళవారం, సాయంత్రం బస్సులో వచ్చేస్తామని టీచర్లు అంటే, తాడేపల్లిగూడెం నుంచి తిన్నగా ఆయన ఇంటికే వచ్చాను. ఆయన్ని చూశాను. నాకు తెలిసిన కార్లవాళ్ళందరూ వచ్చారు. మధ్యాహ్నం కార్యక్రమం అయిపోయి, మగవాళ్ళు తిరిగొచ్చి, జనం పలచబడ్డాక, పిన్ని గారి దగ్గర కాసేపు కూర్చుని బయటికొచ్చాను. వీధి మొగలో సైకిలు దిగి నిలబడి ఉన్నాడు, నా కారు తగిలిన ఆ వల లాగే మనిషి. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"అంత దూరం నుంచి సైకిలు మీదొచ్చావా?" అన్నాను.

"కబురు ఆలీసంగా తెలిసిందమ్మా. ఆఖరి చూపు దక్కలేదు." తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "నేను ఆసుపత్రిలో పడున్నప్పుడు రెండుసార్లొచ్చేరమ్మా ఆయన."

నాకు అర్థం కాలేదు. "ఎవరు? మేస్త్రి గారా? ఎప్పుడు?"

"మొదట శనివారం వచ్చేరు. బండి ఎలాగొచ్చింది, ఎంత చప్పుడైంది, అన్నీ అడిగేరు. నా మాట అడిగిన మనిషి ఆయనొక్కరేనమ్మా, అందరూ నాకు చెప్పేవోళ్ళే. మళ్ళీ ఆదివారం సాయంత్రం వచ్చేరు. రాళ్ళ సంగతి, టైర్ల సంగతి చెప్పేసేరు."

"ఆదివారమే? అయితే బుధవారం నాడు నీకు ముందే..."

"తెలుసమ్మా. మా ఆవిడక్కూడా చెప్పలేదు. మరి ఈ మాట పెద్దల్లో చెప్పెయ్యమంటారా అండీ అని అడిగేను. వద్దన్నారు. 'నువ్వు చెప్పొద్దు. ఆ అమ్మాయే వచ్చి చెప్తుంది, చూస్తూ ఉండు' అన్నారు. చెప్పకపోతేనో అన్నాను. 'చెప్తుంది, ఆ పిల్ల నాకు తెలుసు' అన్నారు. ఆ రోజు మీరు కాయితం విప్పుతుంటే నేను ఎరగనట్టు కూచున్నానమ్మా."

నేను ఆ వీధి మొగలో నిలబడి, చిన్నపిల్లలా బావురుమని ఏడ్చాను. హ్యాండుబ్యాగులో కాయితం మడిచి చూసుకుంటున్న ఆ రెండు రోజులూ, నామీద నాకే నమ్మకం లేని ఆ రెండు రోజులూ, కాలవ పక్క సందులో ఒక మనిషి నా గురించి మాటిచ్చేసి నిబ్బరంగా కూర్చున్నాడు.

చీకటి పడకముందే ఇల్లు చేరాలని అతను సైకిలెక్కాడు. సైకిలు డిక్కీలో వేసి దింపుతానంటే ఒప్పుకోలేదు. "అలవాటేనమ్మా" అన్నాడు. నాకు ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. కారెక్కి అతని వెనకే బయలుదేరాను. విరిగి అతుక్కున్న కాలు కొంచెం బయటికి తిరిగి ఉంటుంది, ఆ వైపు తొక్కినప్పుడల్లా సైకిలు రవ్వంత పక్కకి వాలి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. కొట్టనీ అనుకున్నాను. నేను హారను కొట్టలేదు, దాటి పోలేదు. ఊరు దాటాక కూడా, అతను తొక్కినంత మెల్లగా, ముల్లు పది మీద పెట్టుకుని, వెనకే పోతూ ఉన్నాను.